గాజు మీద పొర

మా వదిన పోయింది. మా ఆయనకు అక్క. కోయంబత్తూరు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చేసరికి ఆండిపట్టిలో అత్త, నేను ఎనుములకు మేత వేస్తున్నాం. అత్త చేతిలో చొప్పకట్ట అలాగే ఉండిపోయింది.

వదిన కోయంబత్తూరులోనే ఒక మందుల కంపెనీలో పనిచేసేది. అక్కడ ఉక్కు తొట్టెల్లో చిట్టెలుక కణాలను పెంచి, వాటి నుంచి మందు తీస్తారట.

"ఇంత చదివి ఎలుకల్ని మేపను పోయినావా?" అని అత్త ఎత్తిపొడిచేది.

"నీ ఎనుములు ఆకలైతే అరుస్తాయి గదమ్మా. నావాటికి నోరు లేదు," అనేది వదిన. నన్ను చూపించి, "ఇదీ ఆ జాతే," అని నవ్వేది.

తొట్టె మూత తీస్తే క్రిములు చేరి కణాలన్నీ చచ్చిపోతాయట. అందుకని గాజు కొన ఉన్న కడ్డీని లోపల దించి వెలుగు పంపుతారు. తిరిగొచ్చిన వెలుగును బట్టి అవి ఎంత చక్కెర తిన్నాయో, ఎంత పులుపు వదిలాయో తెలుస్తుంది.

"గాజు మీద పొర పట్టిందా, వెలుగు అబద్ధం చెప్తాది," అనేది.

నేను పెద్దగా చదువుకోలేదు. అత్తింట్లో నోరు తెరవాలంటే భయం. పోయినేడు నెల తప్పాక రక్తం పోతున్నా ఎవరికీ చెప్పలేదు. సెలవుకు వచ్చిన వదిన నా లోటా వైపు చూసింది.

"ఏమే, నిన్నటి నుంచి కాఫీ ముట్టలేదు. ఏమైంది?"

ఆ మాటకే ఏడ్చేశాను. మదురై బస్సులో దారంతా ఆమె నా చెయ్యి వదల్లేదు. బిడ్డ దక్కలేదు. నేను దక్కాను.

ఈ వేసవిలో వచ్చినప్పుడు వదిన బాగా చిక్కిపోయి ఉంది. అత్త అడిగితే, "సుమ్మా, ఏం లేదమ్మా, హాస్టలు తిండి," అని నవ్వేసింది. అందరూ నమ్మారు. ఆమె పక్కన కాఫీ చల్లారి పొర కట్టింది. ఆ ఇంట్లో మొదటిసారి నలుగురిలో నోరు తెరిచాను.

"వదినా, నువ్వు కాఫీ తాగలేదు."

ఆమె నవ్వు ఆగిపోయింది. "నేర్చుకున్నావే పిల్లా," అంది.

మదురైకి ఈసారి నేను చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. కడుపులో గడ్డ ముదిరిపోయిందన్నారు. ఆమెకు ముందే తెలుసు. అమ్మ తట్టుకోలేదని దాచిందట.

కర్మనాడు పటం ముందు ఆమెకు ఇష్టమని కాఫీ పెట్టారు. చూస్తుండగానే పొర కట్టింది. చెంచాతో తీసేశాను. మళ్ళీ కట్టింది. మళ్ళీ తీశాను.