పెన్సిల్‌తో రాసిన ఇరవై మూడు

తమ్ముడు పోయిన ఐదో నెలలో వాడి స్నేహితులు ముగ్గురు కోరుట్ల నుంచి సిరిసిల్లలోని మా ఇంటికి వచ్చారు. తమ్ముడితో కలిసి వాళ్లు ఆదివారాలు ఒక ఆట ఆడేవారు. బల్ల చుట్టూ కూర్చుని కథ చెప్పుకునే ఆట. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక మనిషిగా మాట్లాడతారు, ఎటూ తేలని చోట పాచిక వేస్తారు. కథలో తమ్ముడు ఒక పడవవాడు.

"గా పడవోన్ని మాకు చంపబుద్ధి అయితలేదక్కా. నువ్వొచ్చి ఆడరాదు," అన్నాడు కథ నడిపే అతను.

నాకు ఆట రాదు. నలుగురిలో మాట్లాడటమూ రాదు. కానీ వాళ్లు ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ఇచ్చిన పడవవాడి కాగితం మీద తమ్ముడి చేతిరాత ఉంది. ప్రాణం అన్న గడిలో పెన్సిల్‌తో ఇరవై మూడు. దెబ్బ తగిలితే దాన్ని చెరిపి తక్కువ అంకె వేయాలట. అది విన్నప్పుడే భయం పట్టుకుంది.

కోరుట్లలో వాళ్లు ఆడే జిరాక్స్ షాపు పైగదిలో మొదటి రెండు ఆదివారాలు ఆ అంకెను కాపాడటంతోనే సరిపోయింది. దొంగలొస్తే పడవ తిప్పేశాను. గుహ కనిపిస్తే బయటే ఉండిపోయాను. "నువ్వేం చేస్తవక్కా?" అని అడిగినప్పుడల్లా, "ఇంటికి పోత," అనేదాన్ని.

"గిది పచ్చీసు కాదక్కా," అని నవ్వాడు పక్కనున్నవాడు. "ఇంట్ల కూసుంటే ఇంక కథేముంటది?"

నిజమే. చిన్నప్పుడు గవ్వలేసి పచ్చీసు ఆడినదాన్ని. కాయను చావనివ్వకుండా ఇల్లు చేర్చడం ఒక్కటే నాకు తెలిసిన ఆట.

మూడో ఆదివారం కథలో వంతెన విరిగి, పక్కనున్నవాడు ఆడుతున్న మనిషి వాగులో పడ్డాడు. పడవ ఉన్నది నాకొక్కదానికే. కాగితం ఉన్న కవర్‌ను దగ్గరికి లాక్కున్నాను.

"అక్క ఇంటికి పోతది తియ్యి," అన్నాడు మునుగుతున్నవాడు. "పోతే పో గని, మా అమ్మకు చెప్పు, కొడుకు నీళ్లు బాగ తాగిండని."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "పడవ నీ దిక్కు తిప్పుతున్న," అన్నాను.

పాచిక మీద నాలుగే పడింది. మనిషి దక్కాడు. కానీ కొట్టుకొచ్చిన దుంగ పడవవాడికి తగిలింది. ప్రాణంలో తొమ్మిది పోయాయి.

కథ నడిపే అతను లేచాడు. "కిందికి పోయి జిరాక్స్ తీస్కొస్తనక్కా. తగ్గింది దాని మీద రాద్దం, అసలుది నువ్వు దాసుకో."

కాగితాన్ని మొదటిసారి కవర్ నుంచి బయటికి తీశాను. ఆ గడి దగ్గర అది పలచబడి నూగు లేచి ఉంది. వెలుతురుకు పెడితే ఇరవై మూడు కింద చెరిపిన అంకెలు కనిపించాయి. పదకొండు, ఏడు, ఒకచోట రెండు.

"రెండు దాకా పోయిండా?"

"శానసార్లు, మళ్ల కోలుకుంటుండె. అసలు ఆగకపోతుండె."

"రబ్బరియ్యి తమ్మీ."

ఇరవై మూడును రుద్దాను. మూడు ఒక పట్టాన పోలేదు. పద్నాలుగు రాశాను, వంకరగా వచ్చింది. అతను మళ్లీ కూర్చున్నాడు. పడవలోకి నీళ్లొస్తున్నాయని చెప్పి, ఇప్పుడేం చేస్తావని నన్ను అడిగాడు.