ఆరో చీటీలో గుర్రం

1959 చలికాలం. నరసరావుపేటలో కోర్టు వీధి చివర ఒక చిన్న ప్రెస్సులో నేను కంపోజిటర్ని. సీసపు అక్షరాలను గళ్ళ పెట్టెలోంచి ఒక్కొక్కటే ఏరి, స్టిక్ అనే ఇనుప పట్టీలో తలకిందులుగా పేర్చడం కంపోజిటరు పని. వకీళ్ళకు వకాల్తా ఫారాలు, పత్తి కొట్లకు బిల్లు పుస్తకాలు, పెళ్ళిళ్ళకు శుభలేఖలు, చర్చి కూటాలకు కరపత్రాలు వేసేవాళ్ళం. ట్రెడిల్ అనే కాలితో తొక్కే మిషను ఒక్కటే ఉండేది.

గుర్రప్పందాల టిప్పులు, అంటే ఏ గుర్రం గెలుస్తుందో ముందే చెప్పే చీటీలు, కొనడం దండగా, లాభమా అని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్ళున్నారు. నేను జన్మలో ఒక్క రేసు కూడా చూడలేదు. అయినా టిప్పు కార్డులు అచ్చేసినవాణ్ణి గనక, చూసినవాళ్ళకన్నా నాకే ఎక్కువ తెలుసు.

ముందు ఒక సంగతి చెప్పాలి. ఆ ఏడాది వైశాఖంలో ఒక శుభలేఖ కాపీ వచ్చింది. కాపీ అంటే అచ్చు కోసం ఖాతాదారు రాసిచ్చే కాగితం. అందులో పెళ్ళికొడుకు పేరుండాల్సిన చోట అతని అన్న పేరుంది. ఆ అన్నకు అప్పటికే ఇద్దరు పిల్లలు. నాకా సంగతి ఏం తెలుసు? ఉన్నది ఉన్నట్టు పేర్చాను. ప్రెస్సు యజమాని శెట్టిగారు నలుగురి ముందు నన్ను నిలబెట్టాడు.

"కళ్ళతో పేర్చావా, కాళ్ళతో పేర్చావా? కాపీలో తప్పుంటే బుర్ర వాడి దిద్దుకోవద్దా? నీకు జీతమిచ్చేది ఎందుకనుకున్నావు?"

మూడు రోజుల జీతం కోశాడు. కోసింది పోతే పోయింది, ఆ నలుగురిలో మా బావమరిది ఉన్నాడు. ఆ కాపీ కాగితం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. తప్పు రాసింది పెళ్ళివారే.

కార్తీకంలో పరంధామయ్య అనే ఆయన ఊళ్ళో దిగాడు. మద్రాసులో చానాళ్ళు ఉన్నాడట. ఒక గుడ్డల కొట్టు మేడ మీద గది తీసుకుని 'ప్రొఫెసర్' అని బోర్డు పెట్టాడు. ఏ కాలేజీలో అని ఎవరూ అడగలేదు. మా ఊళ్ళో రేసు మైదానం లేదు. పందెం కాయాలంటే రైలెక్కి గుంటూరు మీదుగా మద్రాసు పోవాలి, లేకపోతే పోయేవాడి చేతికి డబ్బివ్వాలి. శనివారం రేసు, సోమవారం పేపర్లో ఫలితం. గెలిచే గుర్రం పేరు ముందే చెప్తానని ప్రొఫెసర్ చందాలు కట్టించుకున్నాడు. వారానికొక కార్డు. కార్డు ఎవరికీ చూపకూడదు, చూపితే ఫలితం చెడుతుందని షరతు.

కార్డు వెనక ఆయన 'సిస్టమ్' కూడా ఉండేది. ఓడిన ప్రతిసారీ పందెం రెట్టింపు చేయాలి, ఎప్పుడో ఒకసారి గెలుస్తారు, అప్పుడు పోయిందంతా ఒక్క దెబ్బతో వస్తుంది. ఈ లెక్క చూసి మురిసిపోయినవాడు మా పక్కింటి దానియేలు మాస్టారు. మిషన్ బళ్ళో లెక్కలు చెప్పేవాడు. నన్ను తమ్ముడూ అని పిలిచేవాడు. మా ఆవిడ పురిటికి ఆస్పత్రికి బండి కట్టించింది ఆయనే. అది కూడా నేను మర్చిపోలేదు.

"ఇది లెక్క తమ్ముడూ, జూదం కాదు. లెక్క అబద్ధం చెప్పుద్దా?" అనేవాడు.

"లెక్క చెప్పదు మాస్టారూ. మరి రెట్టింపు చెయ్యటానికి మన జేబు కూడా రెట్టింపు అవ్వాల గదా?"

"నీకర్థం కాదులే."

అప్పటికి ఐదు కార్డులు వరసగా పోయినయ్. ఆరోది కూడా పోతే ఇక మానేస్తానని భార్య ముందు బైబిలు మీద చెయ్యేశాడు. ఆ మాట గోడ ఇవతల నేను విన్నాను.

మొదట్లో ప్రొఫెసర్ కార్డుల్లో గుర్రం పేరు ఖాళీ వదిలేవాడు. అచ్చయ్యాక తానే సిరాతో నింపుకునేవాడు. చేతిరాతను జనం నమ్మడం లేదని, ఆరో వారం పేరు కూడా అచ్చులోనే కావాలన్నాడు. అచ్చయిన మాటకు ఆ రోజుల్లో అంత విలువ. ఆరు చీటీలు రాసి శెట్టిగారి చేతిలో పెట్టి గుంటూరు వెళ్ళిపోయాడు. ఒక్కో చీటీ మీద ఒక గుర్రం పేరు, దాని కింద కార్డు అందాల్సిన ఎనిమిది మంది పేర్లు. శుక్రవారం పొద్దున కార్డులు మడిచి, బంక పెట్టి, పేర్లు రాసి మేమే పోస్టు చేయాలి.

చీటీలు నా దగ్గరికి వచ్చాయి. చూస్తే అన్నిటిలోనూ అదే తేదీ, అదే మూడో రేసు. గుర్రం మాత్రం చీటీ చీటీకి మారుతోంది. నాలుగో చీటీలో దానియేలు మాస్టారి పేరుంది. పైన 'గ్రీన్ టర్బన్' అనే గుర్రం. ఆరో చీటీ మీద 'సిల్వర్ కైట్'.

ఒకే రేసులో ఆరు గుర్రాలు ఎట్లా గెలుస్తాయి? రాస్తూ రాస్తూ మనసు మార్చుకున్నాడు, పై చీటీలు దిద్దడం మరిచాడు అనుకున్నాను. శెట్టిగారిని అడిగాను.

"ప్రూఫ్ చూపిద్దామంటే ఆయన ఊళ్ళో లేడండీ. కాపీలో ఏదో తిరకాసుంది."

ఆయన బేరంలో ఉన్నాడు. తల తిప్పకుండానే అన్నాడు. "ప్రతిదానికీ నన్ను పీక్కుతింటావేందిరా? బుర్ర వాడమని చెప్పాగా!"

వాడాను. ఆఖరి చీటీలోదే ఆఖరి నిర్ణయమని నలభై ఎనిమిది కార్డులకూ 'సిల్వర్ కైట్' అని పేర్చి వేశాను. పోస్టు చేశాను. వైశాఖంలో పడ్డ మచ్చ పోయిందని ఆ పూట తృప్తిగా అన్నం తిన్నాను కూడా.

శనివారం ప్రొఫెసర్ వచ్చి మిగిలిన కార్డొకటి చూసుకున్నాడు. మిషను పక్కకొచ్చి నా మీద పడ్డాడు.

"ఎవడు దిద్దమన్నాడు నిన్ను?"

"ఒక రేసులో ఆరు గుర్రాలు గెలవవు గదండీ. పొరపాటనుకున్నా."

"అక్షరాలు పేర్చుకునేవాడివి. అర్థం నీకెందుకురా?"

అప్పుడు వెలిగింది నాకు. రేసులో పరుగెత్తేవి ఆరే గుర్రాలు. గుర్రానికి ఎనిమిది మంది. ఏది గెలిచినా ఎనిమిది మంది ఇళ్ళలో ఆయన దేవుడు. మిగతా నలభై మందికి రెట్టింపు లెక్క ఉండనే ఉంది. ఆ ఎనిమిది మందిని చూపించి కొత్తవాళ్ళను చేర్చుకోవచ్చు. అంతే ఆయన శాస్త్రం. దానికి గుర్రం మొహం కూడా చూడక్కర్లేదు.

శెట్టిగారు మళ్ళీ మూడు రోజుల జీతం కోశాడు. ఈసారి దిద్దినందుకు. "వైశాఖంలో మీరే గదండీ" అన్నాను. "ఎదురు చెప్పమాక" అన్నాడు. ప్రొఫెసర్ చీటీలు ఆరూ జేబులో వేసుకుని పోయాడు.

సోమవారం పేపరొచ్చింది. మూడో రేసు గెలిచింది సిల్వర్ కైట్. గ్రీన్ టర్బన్ ఆఖరున వచ్చింది.

బస్టాండు దగ్గర కాఫీ హోటల్లో పండగే. గెలిచాక ఇంక దాపరికం దేనికని ఎవరి కార్డు వాళ్ళు తీసి బల్ల మీద పెట్టారు. అన్నిటి మీదా ఒకటే పేరు.

"చూశార్రా? దొంగైతే మనిషికో పేరు చెప్పి తప్పుకుంటాడు. ఈయన అందరికీ ఒకటే చెప్పాడు!" అని పత్తి కమీషను వ్యాపారి ఒకాయన బల్ల గుద్దాడు.

నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. లేచి జరిగింది జరిగినట్టు చెప్పాను. హోటలంతా గొల్లున నవ్వింది. "అయితే గుర్రాన్ని గెలిపించింది నువ్వేనంటావు! కోటేశూ, మరి వచ్చే వారం ఏది పేరుస్తున్నావో మాకూ చెప్పబ్బా!" అన్నాడు అదే వ్యాపారి. ఆయన కొట్టు రసీదు పుస్తకాలు ఆ తర్వాత పదేళ్ళు నేనే కంపోజ్ చేశాను. ఒక్కసారి కూడా ఆయన మొహం చూసి మాట్లాడలేదు.

ప్రొఫెసర్ ప్రెస్సుకు లడ్డూల బుట్ట పంపాడు. అందరికీ పంచారు, నాకు పెట్టలేదు. పెట్టినా తినేవాణ్ణి కాను. కానీ పెట్టలేదు.

పోలీసు స్టేషనుకు అర్జీ పట్టుకెళ్ళాను. రైటరు చదివి, "గెలిచే గుర్రం పేరు చెప్పటం ఏ సెక్షన్ కింద నేరమయ్యా?" అని తిరిగిచ్చేశాడు. గుంటూరులో పోలీసు పెద్దాఫీసుకు ఒకటి రాశాను. దానికి జవాబే లేదు. రెండిటి నకళ్ళూ నా దగ్గరున్నాయి.

చందాదారులు నలభై ఎనిమిది నుంచి నూట ఇరవైకి పెరిగారు. నెల తర్వాత, సీజను ఆఖరి శనివారానికి 'ప్రత్యేక కార్డు' అని ప్రొఫెసర్ చాటింపు వేశాడు. దానియేలు మాస్టారు ఈపూరు దగ్గర తండ్రి ఇచ్చిపోయిన ఎకరంన్నర చేను బేరం పెట్టాడని వాళ్ళావిడే మా ఆవిడతో చెప్పి ఏడ్చింది. ఆ చేను మీద వచ్చే మిరపకాయలే ఆ ఇంటికి జీతం చాలని నెలల్లో ఆధారం.

వెళ్ళి అంతా చెప్పాను. మాస్టారు ఓపికగానే విన్నాడు. "ఆ చీటీలేవి మరి?" అన్నాడు. చీటీలు లేవు. నా సాక్ష్యాన్ని నేనే దిద్ది పారేశాను.

ప్రత్యేక కార్డుల కాపీ వచ్చింది. మళ్ళీ ఆరు పేర్లు. ఈసారి ఒక్క అక్షరం మార్చలేదు. ఒక్కో పేరుకు ఒక్కో కార్డు అదనంగా తీసి చొక్కాలో పెట్టుకున్నాను. ప్రెస్సు మాల్ బయటికి తేవడం తప్పే. ఆ తప్పు ఆయన కోసం చేశాను. ఆరూ ఆయన మంచం మీద పరిచాను.

"చూడండి మాస్టారూ. అదే రేసు, అదే తేదీ. మీకు రేపు వచ్చేది వీటిలో ఒకటి. మిగతా ఐదూ ఊళ్ళోనే ఇంకెవరికో పోతయ్."

ఒక్కొక్కటే తీసి చూశాడు. కాసేపు ఆయన మొహంలో లెక్కల మాస్టారే కనిపించాడు. గట్టెక్కాననుకున్నాను.

"ఇయ్యన్నీ నువ్వే అచ్చేశావు గదా?" అన్నాడు.

"నేనే."

"నువ్వు పేర్చుకుంటే ఆరేంది, అరవై వస్తయ్. శెట్టి జీతం కోశాడని ఆ మనిషి మీద కుళ్ళు పెట్టుకున్నావు."

"కుళ్ళేంది మాస్టారూ? చేను పోద్దని చెప్తన్నా. పందెం రెట్టింపు చేస్తారు సరే, ఎకరంన్నర రెట్టింపవుద్దా?"

ఆయన కార్డులన్నీ దొంతి చేసి నా చేతిలో పెట్టాడు. "తమ్ముడూ, అక్షరాలు పేర్చేవాడివి. అర్థం మాకు వదిలెయ్యి" అన్నాడు.

ప్రొఫెసర్ అన్న మాటే. ఆయన అంటే మండింది. ఈయన అంటే మండలేదు, లోపలికి దిగింది. తమ్ముడూ అని పిలిచి మరీ అన్నాడు.

చేను డబ్బు తీసుకుని శుక్రవారం రైలుకు తానే మద్రాసు వెళ్ళాడు. మంగళవారం తిరిగొచ్చాడు. చెప్పుల చప్పుడు వినే ఏమైందో అర్థమైంది. ప్రొఫెసర్ అప్పటికే బోర్డు పీక్కుని మాచర్ల వైపు పోయాడన్నారు. అక్కడా ఏదో ఒక ప్రెస్సు ఉండే ఉంటుంది.

ఏడాది పైగా మాస్టారూ నేనూ మాట్లాడుకోలేదు. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆయనే మా అరుగు దగ్గర ఆగాడు.

"కోటేశూ, ఒక్కటి చెప్పు. నువ్వు దిద్దిన వారం నా చీటీలో ఏ గుర్రముంది?"

తెలియదని చెప్పొచ్చు. నేనట్లాంటివాణ్ణి కాను.

"గ్రీన్ టర్బన్."

"అది ఎన్నోది వచ్చింది?"

"ఆఖరుది."

తలూపాడు. "అంటే, నువ్వు దిద్దకపోతే ఆ శనివారమే నేను ఆరోసారి ఓడేవాణ్ణి. బైబిలు మీద చెయ్యేసి మా ఆవిడకు చెప్పా, మానేసేవాణ్ణి. చేను ఉండేది."

"ఆరు కార్డులూ మీ మంచం మీద పరిచా గదా మాస్టారూ!"

"పరిచావు. అప్పటికి నేను గెలిచినోణ్ణి. గెలిచినోడికి కార్డులు కనపడవు" అని వెళ్ళిపోయాడు.

ఆ లెక్క ఎన్నిసార్లు వేసినా అంతే వస్తుంది. తప్పు రాసింది ప్రొఫెసర్, బుర్ర వాడమంది శెట్టి, చేను అమ్మింది మాస్టారు. ఇది ఎవరి ముందైనా నిలబడి చెప్తాను. అయినా ఈపూరు బస్సులో పోవాల్సి వస్తే ఆ చేను కనిపించే పక్క కిటికీలో కూర్చోను.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళలో కాపీలో అనుమానం వచ్చిన ప్రతిచోటా 'ఇది ఇట్లాగే ఉండాలా?' అని రాసి, ఖాతాదారుతో సంతకం పెట్టించుకోకుండా ఒక్క ముక్క అచ్చెయ్యలేదు. మొండివాడన్నారు. అననీ.

రేసు టిప్పుల గురించి అడిగేవాళ్ళకు నేను చెప్పేదీ అదే దారిలో ఉంటుంది. టిప్పు గెలిచిందా అని చూడొద్దు, ఆ వారం ఎన్ని పేర్లు అచ్చయ్యాయో కనుక్కోండి. గెలిచిన కార్డు జేబులో పెట్టుకుని వాదానికి వచ్చేవాళ్ళు ఇప్పటికీ వస్తుంటారు. వాళ్ళను కూర్చోబెట్టి, అదే రేసుకు వేసిన మిగతా కార్డులు కూడా తెమ్మంటాను. ఇంతవరకు ఎవరూ తేలేదు. నా పెట్టెలో మాత్రం ఆరూ ఉన్నాయి.