నలభై ఒకటో నంబరు సైటు

మా కాలనీలో కొళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఆ మంగళవారం నీళ్లు వచ్చే రోజు. బిందె కింద పెట్టి నిలబడి ఉన్నాను. మా ఆవిడ ఫోన్ చేతిలో పట్టుకుని బయటికి వచ్చి, "ఓవర్సీరు సారు పోయినాడంట. అక్క ఆసుపత్రి నుంచి చేసింది" అని చెప్పింది. కొళాయి కట్టేశాను. ఆ నీళ్లు మా వీధికి వచ్చింది ఆయన వల్లే. ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చిందని చెబితే అబద్ధమవుతుంది. ఏమీ గుర్తు రాలేదు. చొక్కా వేసుకుని బయలుదేరాను.

ఆయన నిజానికి ఓవర్సీరు కాదు. పల్లెల్లో రోడ్లు, కాలువలు కట్టేచోట పని చూసే ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. మా వైపు కొలతల టేపు పట్టుకున్న ప్రతివాడూ ఓవర్సీరే. చివరి ఆరేళ్లు ఆయనా, ఆయన భార్యా మా మేడమీది రెండు గదుల్లో ఉన్నారు. ఆమెను వీధంతా అక్కా అంటుంది. పక్కనే సొంత సైటు ఉండి కూడా ఆయన అద్దె ఇంటి నుంచే ఆసుపత్రికి పోయారు. ఆ సైటు సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

బుక్కరాయసముద్రం దాటి టౌను మా దిక్కుకు పెరుగుతూ వస్తున్న రోజులవి. నిన్నటి శెనక్కాయ చేను ఇవాళ రాళ్లు పాతిన సైట్లు. లేఅవుటు వేసినతను రోడ్డు పక్కన పెద్ద ఆర్చి కట్టించి, హద్దురాళ్లకు పసుపు రంగు కొట్టించి, అందరికీ రిజిస్ట్రేషన్లు చేసిచ్చి వెళ్లిపోయాడు. ఆర్చి దాటితే రోడ్డు లేదు, నీళ్లు లేవు. నేను బత్తలపల్లె దగ్గర మా నాయన ఇచ్చిన మెట్ట భూమి కొంత అమ్మి నలభయ్యో నంబరు సైటు కొన్నాను. బోరు ఎండిన భూమి, అమ్మినందుకు పెద్దగా బాధపడలేదు. సారు తన రిటైర్మెంటు డబ్బుతో నా పక్కదే, నలభై ఒకటో నంబరు కొన్నారు.

సైట్లు కొన్నవాళ్లం కలిసి పంచాయతీకి పోతే, ఇండ్లు లేస్తే పన్ను వస్తుంది, పన్ను వస్తే పని చేయగలం అన్నారు. వాళ్లది తప్పు కాదు. నీళ్లు, దారి వస్తే ఇండ్లు కడతామని మేమన్నాం. మాదీ తప్పు కాదు. ఇట్లా ఎవరి తప్పూ లేకుండా రెండేళ్లు గడిచాయి. సైట్లలో తంగేడు మొలిచింది.

ఒక ఆదివారం సారు అందరినీ ఆర్చి కింద కూర్చోబెట్టారు. అక్కడ తప్ప ఎక్కడా నీడ లేదు.

"ఇల్లు కట్టుకున్యాక ఎవుడూ ఏమీ ఇయ్యడు. కట్టక ముందరే ఇస్తాడు, ఆశ ఉంటాది కాబట్టి. చేసేదుంటే ఇప్పుడే చేయల్ల" అన్నారు.

"ఎంత ఇయ్యల్ల సార్?" అని ఎవరో అడిగారు.

"నాకు దుడ్లు ఇయ్యొద్దండి. మీ సైటు రోడ్డు పక్క ఎంత పొడుగుందో అంత పైపు మీరే కొనుక్కొచ్చి మీ సైటు ముందర పెట్టండి. మూల సైటోళ్లకు రెండు రోడ్లు. వాళ్లు రెండు దిక్కులా పెట్టల్ల."

మూల సైటు కొన్న అంగడాయన లేచాడు. "మూల సైటని మాకు ముందే రేటు ఎక్కువ ఏసినారు గదప్పా! మల్ల ఇదేంది?"

"రేపు అమ్మేటప్పుడు రేటు ఎక్కువ చెప్పుకుంటావు గదా అన్నా. అప్పుడు మాకేమన్నా పంచుతావా?"

ఆర్చి కింద నవ్వులు లేచాయి. అంగడాయన కూడా నవ్వి కూర్చున్నాడు.

ఆ పద్ధతిలో ఉన్న తెలివి తర్వాత అర్థమైంది. పైపు లేని సైటు గొర్రెలు తోలుకుపోయేవాడికి కూడా కనపడేది. ఎవరినీ అడగనక్కరలేదు. "ఏమప్పా, నీ సైటు ముందర ఇంకా గాలే ఉండాది" అని దారిన పోయేవాళ్లే అనేవారు. నేను కొత్తవి కొనడం ఎందుకని, బోరు ఎండినాక మూల పడేసిన మా చేను స్ప్రింక్లర్ పైపులు ట్రాక్టరులో వేసుకొచ్చి సైటు ముందు వరసగా పేర్చాను. సారు వచ్చి ఒకదాన్ని ఎత్తి, కంటికి పెట్టుకుని ఆ చివరి దాకా చూశారు.

"ఇవి శెనక్కాయ చేనుకు వాన కురిపించే పైపులప్పా. నీ ఇంటి ముందర పైరు పెడతాండావా?"

నాలుగు రోజులకు కొత్తవి తెచ్చాను. అయినా ఇప్పటికీ కొందరు నన్ను స్ప్రింక్లర్ అనే పిలుస్తారు.

పైపులు వరసగా పడినాక గుంతలు తవ్వే పని పంచుకున్నాం. లైను పూడ్చి చూపించినాక పంచాయతీవాళ్లు వచ్చి, ట్యాంకు నుంచి దానికి కలిపి ఇచ్చారు. అదే పద్ధతిలో మురుగు కాలువకు బండలు, రోడ్డుకు కంకర వచ్చాయి. ఒక్క గోడ కూడా లేవకముందే నీళ్లు వచ్చిన కాలనీ మాది. ఈ మాట ఎక్కడైనా కొంచెం గట్టిగానే చెబుతాను.

సారు పనిలో నాకు బాగా గుర్తున్నది చెంబు. కాలువ బండలు పరిచినాక, రోడ్డు చదును చేసినాక, మేస్త్రీ ఎంత బాగుందని చెప్పినా వినేవారు కాదు. చెంబుడు నీళ్లు పోసి, పక్కన గొంతుక్కూర్చుని అవి ఏ దిక్కుకు పోతున్నాయో చూసేవారు. "బాగుందా సార్?" అంటే, "నన్ను అడగాకు, నీళ్లను అడుగు" అనేవారు.

ఈ అలవాటే ఆయనకు సొంత ఇల్లు లేకుండా చేసింది.

కాలువ మట్టం చూస్తున్నప్పుడు ఎక్కడ పోసినా నీళ్లు తన సైటు వైపే పోతున్నాయని ఆయన గమనించారు. పోయి ఊరి పాత నక్ష, అంటే సర్వే పటం, తీయించుకొచ్చారు. అందులో ఎగువ చేల నుంచి దిగి వచ్చే వంక ఒకటి ఉంది. వానొస్తే పారే వంక. లేఅవుటు కాగితంలో అది లేదు. చాలా ఏళ్లుగా వానలు లేక మట్టి పూడి, దున్ని, చదునై, అక్కడ వంక ఉండేదన్న సంగతి చుట్టుపక్కల రైతులే మరిచిపోయారు. కరువు సీమలో జరిగే తప్పు ఇదే. నీళ్లు రాకపోతే దారి కూడా లేదనుకుంటాం. నక్ష ప్రకారం నలభై ఒకటో నంబరు మొత్తం వంకలో ఉంది. నాదొక పది అడుగులు, అవతల నలభై రెండో నంబరుదొక పది అడుగులు.

ఆ సంగతి తెలిసింది ఆయన ఒక్కరికే. కాగితం మడిచి పెట్టెలో పెట్టుకుని సైటు అమ్మేసి ఉండొచ్చు. కొనడానికి ఒకాయన ధర్మవరం నుంచి వచ్చాడు కూడా. పట్టుచీరల వ్యాపారం చేసేవాడు, బేరం ఆడకుండా అడిగినంత ఇస్తానన్నాడు. నేను అక్కడే ఉన్నాను. సారు ఆ నక్ష ఆయన ముందు పరిచి, వంక గీత మీద వేలు పెట్టి చూపించారు.

"సార్, మీరు అమ్మేవాళ్లా, అమ్మకుండా చేసేవాళ్లా?" అన్నాడు ఆయన.

"చూసి కొంటానంటే ఇస్తా."

చూసినవాడు ఎందుకు కొంటాడు? కారెక్కి పోయాడు. అక్క అప్పటికి ఇంటికి తలుపులు ఎటు పెట్టాలో కూడా అనుకుని ఉంది.  తర్వాత అడిగినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పేది. "ఈయన ఇల్లు కట్టిస్తానని చెప్పి నాకు వంక కొనిచ్చినాడు."

సారు తన సైటును వంకకే వదిలేసి, అటూ ఇటూ ఉన్న మమ్మల్ని చెరో పది అడుగులు వదలమన్నారు. నలభై రెండో నంబరు బస్సు డ్రైవరుది. "వంకలో బస్సు ఆగిపోయి తెల్లార్లూ కూర్చున్నోన్ని సార్, నాకు చెప్పల్నా?" అని మొదటి మాటకే పది అడుగులు వదిలేశాడు. నేను వదల్లేదు. చేను అమ్మి కొన్న సైటు. అడుగు అడుగూ నాకు లెక్కే. ఒక రోజు ఆయన మళ్లీ అడిగితే, "మీ సైటు ఎట్లాగూ పోయింది, మాది గూడా పోవాలనా సార్?" అన్నాను. ఆయన టేపు చుట్టుకుని పోయారు.

ఆ మర్నాడు చూస్తే నా సైటులో పది అడుగుల లోపల, ఈ కొస నుంచి ఆ కొసకు సున్నం గీత ఉంది. పాలపొడి డబ్బాలో సున్నం పొడి, ఒక నైలాను తాడు, ఇవే ఆయన సామాను. గాలికి, మేకల కాళ్లకు గీత చెదిరిపోయేది. మళ్లీ వచ్చి పోసేవారు. నేను కాలితో చెరిపిన రోజులూ ఉన్నాయి. అప్పుడూ పోసేవారు. తిట్టరు, బతిమాలరు. ఏడాది దాకా ఇదే. చివరికి మా ఆవిడే, "ఆ సున్నం ఖర్చన్నా చూసి ఇచ్చెయ్యరాదా? ముసలాయప్ప నడుము పోతాండాది" అంది.

నేను ఇచ్చింది దానికి కాదు. పునాది తవ్వకం ఆ గీత అవతల, వంక వైపునే మొదలుపెట్టించాను. మూడడుగులు పోగానే ఎర్రమట్టి అయిపోయి ఇసుక పడింది. సన్నటి ఇసుక, మధ్యలో నున్నటి గుండ్రాళ్లు. కూలీలు పార ఆపి నా వైపు చూశారు. సారుకు ఎవరు చెప్పారో, వచ్చారు. గుంతలోకి వంగి ఒక పిడికెడు తీసి నా చేతిలో పెట్టారు.

"ఇది నువ్వు తెచ్చినావా, నేను తెచ్చినానా?"

 సాయంత్రం లోపల గుంత పూడ్పించి, సున్నం గీత ఇవతలికి పునాది జరిపాను. ఆ గీత మీద రాళ్లు వరసగా పేర్చాను. ఇల్లు పూర్తయినాక మేడమీద రెండు గదులు వేసి, నేనే పోయి సారును అడిగాను. అక్క మేడ ఎక్కి కిటికీలోంచి నలభై ఒకటో నంబరు చూసి, "పోనీలే, మన ఇల్లు కనపడతాంది" అంది.

మూడేళ్లు వంకలో చుక్క రాలేదు. "సారు, మీ యేరు యాడికొచ్చింది?" అని వీధిలో ఎగతాళి చేసేవారు. నేను కూడా నవ్వాను. ఆయన మాత్రం వారానికొకసారి ఆ ఖాళీ సైటులో ముళ్లకంపలు ఏరేవారు, ఎవరైనా చెత్త పోస్తే ఎత్తించేవారు. "రానోళ్లకే దారి బాగా పెట్టల్ల. రోజూ వచ్చేటోళ్లు ఎట్లన్నా వస్తారు" అనేవారు.

తర్వాత ఒక ఏడు దసరా దాటినాక తెల్లవారి మొదలైన వాన మధ్యాహ్నమైనా ఆగలేదు. రెండు గంటలప్పుడు ఎగువ చేల నుంచి చప్పుడు వినపడింది. నాకు అది లారీ అనిపించింది. ఎర్రటి నీళ్లు, కంపలు, ఒక తెగిపోయిన డ్రిప్ పైపు, ఎవరిదో ప్లాస్టిక్ కుర్చీ. నేరుగా నలభై ఒకటో నంబరులోకి వచ్చాయి. అటూ ఇటూ చూడలేదు. దారి తెలిసినట్టే వచ్చి, దారి తెలిసినట్టే పోయాయి. నా రాళ్ల వరసకు జానెడు కిందనే ఉండి పారాయి.

వీధిలో వాళ్లంతా గొడుగులతో, గోతాలు కప్పుకుని వచ్చి నిలబడ్డారు. అక్క మేడమీద నుంచి తొంగిచూసి గట్టిగా అరిచింది. "చూడండి, చూడండి! మా ఇంటికి చుట్టాలొచ్చినారు!"

నవ్వనివాళ్లు లేరు. సారు గొడుగు పట్టుకుని నా పక్కన నిలబడి ఉన్నారు. ఆయన ఏదో ఒక మాట అంటారని, నేను పడాల్సిందేనని ఎదురు చూశాను. ఆయన నా గోడ వైపు చూసి, "ఆ మూల పూత పల్చగా ఉండాది. ఎండినాక ఇంకొకసారి పూయించు" అన్నారు. అంతే.

ఆ వానకు మా చుట్టుపక్కల కొత్త కాలనీల్లో ఇండ్లలోకి నీళ్లు పోయి, జనం మంచాల మీద సామాన్లు పెట్టుకున్నారు. మా కాలనీలో ఒక్క గడప తడవలేదు. తర్వాత యాడాడ నుంచో మనుషులొచ్చి మా ఖాళీ సైటును చూసిపోయేవారు. చుట్టూ ఇండ్లు, మధ్యలో ఏమీ లేని జాగా. చూడటానికి అందులో ఏముంది? అయినా నేను వాళ్లను దగ్గరుండి తిప్పి, రాళ్ల వరస చూపించేవాణ్ని. అక్కడి సున్నం గీతను నేను చెరిపిన సంగతి కూడా చెప్పేవాణ్ని.

పోయిన నెల సారు దినం జరిగింది. అది అయిన మూడో రోజు, కాలనీకి ఎగువన చేను ఉన్న రైతు వచ్చాడు. ఆ చేనులో సైట్లు వేస్తున్నాడు. హద్దురాళ్లు తెచ్చి దింపేశాడు, ఇంకా పాతలేదు.

"రాళ్లు పాతేముందర పిలువు, వచ్చి వంక దారికి గీత పోస్తానన్న్యాడు సారు. నేనే లేటు చేసినా" అని మెట్ల దగ్గర నిలబడిపోయాడు.

అక్క లోపలి నుంచి పాలపొడి డబ్బా, తాడు తెచ్చి నా చేతిలో పెట్టింది. నాకు చేతనవునో కాదో అన్నాను. "నీ సైటులో అన్నిసార్లు పోయించుకున్యావు, ఇంకా రాలేదా?" అంది. మెట్లు దిగి మా వెనకనే వచ్చింది. దినం అయి మూడు రోజులే. అప్పుడే గడప దాటి బయటికి వస్తే నలుగురూ ఏమంటారోనని మా ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నేను యాడికి పోతాండా? మా ఇంట్లోనే గదా నిలబడేది" అంది అక్క.

నలభై ఒకటో నంబరు నడుమ పోయి నిలబడి, తాడు కొసను వేలికి రెండు చుట్లు చుట్టుకుంది. రెండో కొస పట్టుకుని నేను ఎగువకు నడిచాను. హద్దు దాటి, శెనక్కాయలు పెరికేసిన చేనులోకి. తాడు బిగిసింది. వెనక్కి తిరిగి చూస్తే, ఇండ్ల మధ్య ఖాళీలో ఆమె కొంచెం వెనక్కి వాలి, రెండు చేతులతో తాడు పట్టుకుని నిలబడి ఉంది. రైతు డబ్బా వంచుతూ తాడు వెంట నడుచుకుంటూ వస్తున్నాడు. ఎర్రనేల మీద తెల్లగా గీత పడుతూ వస్తోంది.