అవ్వ పిలిచిన దీవి మాట

నాకు పదిహేడు భాషలొచ్చని బడిలో చెప్పుకునేదాన్ని. అందులో పదహారు నేను పుట్టించినవే. మంచుదేశంలో మజ్జిగలో ఉప్పు మరిచిపోతే వచ్చే కోపాన్ని 'కిస్నూకు' అంటారని, ఎడారిలో బస్సు కదిలాక టికెట్టు వెతుక్కునేవాడి ముఖాన్ని 'హబ్లూజు' అంటారని చెబితే నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. మంచుదేశంలో మజ్జిగ ఎవరు చిలుకుతారని ఒక్కరూ అడగలేదు.

చదువు నంద్యాలలో. సెలవులకు ఆళ్లగడ్డలో మా అమ్మను కన్న అవ్వ ఇల్లు. అవ్వ నా మాటలన్నీ నమ్మేది. నమ్మినట్టు నటించేదేమోనని ఇప్పుడు అనుమానం.

యాభై ఏళ్ల కాపురంలో అవ్వ తాత పేరు నోటితో అనలేదు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని భయం. చర్చికి పోయినా ఆ భయం పోలేదు. తాతదేమో యేసు శిష్యుల్లో ఒకాయన పేరు. సాయంత్రం ఇంటి ప్రార్థనలో వాక్యం చదువుతూ ఆ పేరు వచ్చినప్పుడల్లా దగ్గి దాటేసేది. సువార్త ముగిసేసరికి గొంతు నిజంగానే పట్టేసేది.

ఒకరోజు జొన్నరొట్టె తడుతూ గుసగుసగా అడిగింది.

"పాపా, మొగుణ్ణి పేరుపెట్టి పిల్చినట్టుండే మాట ఏ దేశంలోనన్నా ఉందా? పరదేశం మాటయితే ఆయప్పకు కీడు తగలదు గదా."

"ఉందవ్వా. నడిసముద్రంలో ఒక దీవి ఉండాది. ఆడ ఆడోళ్లు మొగుణ్ణి 'మొరాంబో' అంటారు."

"మొరాంబో." నాలుగుసార్లు అనుకుని చూసింది. ముఖం ఎర్రబడింది. "ఎవురికీ చెప్పొద్దు మే. మీ తాతకయితే అసలే చెప్పొద్దు."

తాత పెరట్లో బర్రెకు కుడితి పెడుతుంటే, ఆయనకు వినబడనంత మెల్లగా వంటింట్లోంచి పిలుచుకునేది.

పంతొమ్మిది వందల ఎనభైల మొదట్లో, నా పదో తరగతప్పుడు, అవ్వకు పక్షవాతం వచ్చింది. నంద్యాల ఆసుపత్రికి తెచ్చారు. బర్రె ఈనే రోజులని తాత ఆళ్లగడ్డలోనే ఉండిపోయాడు. "లేచి కూచుంటాదిలే, నేను రెండు దినాల్లో వస్తా," అన్నాడట. అవ్వ నోట్లో మాటలన్నీ పోయాయి, ఒక్కటి తప్ప.

"మొరాంబో."

చిన్నమ్మ నా వైపు తిరిగింది. "ఏందే అది? నువ్వు నేర్పిందేనా? ఏం అడుగుతాంది?"

మంచం చుట్టూ చుట్టాలు, ప్రార్థనకొచ్చిన పాస్టరుగారు. ఇంత ముసలామె మొగుణ్ణి పిలుచుకుంటోందని చెబితే అవ్వ సిగ్గుతో చచ్చిపోతుందనుకున్నాను. చాలా ఏళ్లు ఆ కారణమే చెప్పుకున్నాను. నా దీవి బండారం బయటపడుతుందన్న భయమూ అంతే ఉంది.

"నీళ్లు," అన్నాను.

ఇక అవ్వ పిలిచినప్పుడల్లా చిన్నమ్మ చెంచాతో నీళ్లు పోసింది. అవ్వ నా వైపే చూస్తూ మింగేది. మళ్లీ పిలిచేది. మళ్లీ నీళ్లు. మూడోరోజు పొద్దున, తాత బస్సు దిగకముందే, ఆ పిలుపు ఆగిపోయింది.

"కడాకు నీళ్లు నీళ్లనే అనింది నాయనా," అని చిన్నమ్మ ఏడ్చింది.

తాత ఆ మాట మనసులో పెట్టుకున్నాడు. ప్రతి ఆదివారం ఆరాధన కాగానే చెంబుతో సమాధుల దగ్గరికి పోయి, అవ్వ తలవైపు నీళ్లు పోసేవాడు. మరుసటేడు సెలవుల్లో నేనూ వెంట పోయాను. "దప్పిగొని పోయింది నా ముసల్ది," అంటూ చెంబు వంచబోయాడు.

అప్పుడు చెప్పేశాను. దీవి లేదని, మాట నేను పుట్టించిందని, ఆమె అడిగింది నీళ్లు కాదని, పిలిచింది ఆయన్నేనని.

కొడతాడనుకున్నాను. చెంబు కింద పెట్టాడు.

"ఎట్ల పిల్చింది? అను."

అన్నాను.

"అట్ల గాదు మే. ఆమె మాదిరి అను."

వంటింట్లో అవ్వలాగా గొంతు బాగా తగ్గించాను. "మొరాంబో."

"ఆఁ... వస్తాండా," అన్నాడు తాత, మట్టి వైపు వంగి.