వెస్టర్ మాగర్డ్ కొన్న గొట్టం ఉచ్చు

వెస్టర్ మాగర్డ్ కుక్కల మనిషి. మిస్సోరి కొండల్లో ఆ మాటకు అర్థం ఒక్కటే. పొద్దు గుంకగానే లాంతరు పట్టుకుని బయలుదేరతాడు. కుక్కల మొరుగుడు ఎటు వినిపిస్తే అటు, గుట్టలనక వాగులనక పరిగెడతాడు. అవి రకూన్‌ను, చారల తోకా చేతుల్లాంటి ముందు పంజాలూ ఉన్న ఆ అడవి జంతువును, చెట్టెక్కించాక ఆ చెట్టు కింద నిలబడి వాటిని మెచ్చుకుంటాడు. తెల్లారేసరికి బురదలో ముంచి తీసిన బొమ్మలా ఇల్లు చేరతాడు. అలాంటివాళ్ల లెక్కలో ఉచ్చులు పెట్టేవాడు అసలు వేటగాడే కాదు. "మంచంలో పడుకుని వేటాడే మొనగాళ్లు" అని వెస్టర్ వాళ్లను మంగలి షాపులోనూ, పశువుల సంతలోనూ, ఒక పెళ్లిలో పెళ్లికొడుకు ఎదురుగా చర్చి మెట్ల మీద కూడా వెక్కిరించాడు. ఆ పెళ్లికొడుకు ఉచ్చులవాడు.

అంతటి వెస్టర్, అక్టోబరులో ఒక ఉదయం, డాయిల్ క్రాబ్‌ట్రీ ఉచ్చుల దుకాణం ముందు ట్రక్కు ఆపి, దిగకుండా కూర్చున్నాడు. మోకాళ్ల నొప్పి ఒక కారణం. విస్కీ పీపాలకు ఓక్ చెక్కలు కోసే మిల్లులో జీవితమంతా సిమెంటు నేల మీద నిలబడ్డ మోకాళ్లవి. పగలంతా మిల్లూ, రాత్రంతా కొండలూ కలిసి వాటిని నమిలేశాయి. రెండో కారణం సిగ్గు.

మూడోది టాన్సీ. దానికోసమే వచ్చాడు.

టాన్సీ నల్లటి వేటకుక్క, కనుబొమల మీద గోధుమరంగు చుక్కలు. దాని గొంతు మూడు లోయల అవతలికి వినిపించేదనీ, ఆ మొరుగుడు విని అక్కడి ఆవులు చేపేవనీ ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. ఒకసారి వరదలో సికమోర్ చెట్టొకటి కొట్టుకుపోతోంది, దాని మీద రకూన్ ఉంది. టాన్సీ ఒడ్డు వెంట పక్క జిల్లా దాకా పరిగెత్తి, చెట్టు వంతెనకు తట్టుకున్నాక దాని ఎదుట నిలబడి, వెస్టర్ వచ్చేదాకా మొరుగుతూనే ఉందట. ఈలోగా ఆ జిల్లావాళ్లు దానికి ఓటుహక్కు కూడా ఇచ్చేశారని వెస్టర్ కలిపేవాడు. వరద మాత్రం నిజం.

ఇప్పుడు టాన్సీకి పళ్లు లేవు. ఒక కంట్లో పొర. వెస్టర్ భార్య నడీన్ కుక్క తిండిని వేడి మాంసం రసంలో నానబెట్టి వరండా మీద గిన్నెలో పెడితే, రెండు ముద్దలు తిని, ఓ కునుకు తీసి, మళ్లీ రెండు ముద్దలు తింటుంది. ఆ గిన్నెకు రకూన్లు మరిగాయి. వరండా కింద కాపురం పెట్టిన తల్లీ, ఎదిగిన పిల్లలు మూడూ. చీకటి పడితే చాలు, పెళ్లి భోజనానికి వచ్చినట్టు వరసగా వచ్చి, గిన్నె నాకి, నీళ్ల తొట్టిలో చేతులు కడుక్కుని పోయేవి. టాన్సీ ఒకసారి అడ్డం పడింది. చెవి చీలిపోయింది. కుట్లు వేసిన పశువుల డాక్టరు, "ఇంకో దెబ్బలాటంటూ అయితే ఇది లేవదు, వెస్టర్" అన్నాడు.

ఇంట్లో పడుకోబెట్టి చూశారు. కప్పు కింద ఎన్నడూ నిద్రపోని కుక్క, గోళ్లు విరిగి రక్తం కారేదాకా తలుపు గీరింది, మెతుకు ముట్టలేదు. వెస్టర్ తుపాకీ పట్టుకుని వరండాలో కాపలా కూర్చున్నాడు. కూర్చున్నంతసేపు పట్టలేదు నిద్ర రావడానికి. రకూన్లు గిన్నెతోపాటు అతని టోపీ కూడా పట్టుకుపోయాయని నడీన్ ఊరంతా చెప్పింది. టోపీ ట్రక్కులో దొరికిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

డాయిల్ దుకాణం తలుపు తెరుచుకుని బయటికొచ్చాడు. ఆ పెళ్లికొడుకు ఇతనే.

"ఏరా వెస్టరూ, దారి తప్పావా? మంచాల షాపు అవతలి వీధిలో!"

"నీ నోరు పడిపోను. ఒక ఉచ్చు కావాలి."

డాయిల్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏదీ, మళ్లీ అను. మా ఆవిణ్ని పిలుస్తానుండు, సాక్ష్యం ఉండాలి."

"డాయిల్. ఉచ్చు కావాలన్నాను. చెవుడొచ్చిందా?"

లోపల గోడ నిండా ఇనుము వేలాడుతోంది. డాయిల్ ఒక్కొక్కటే దించి బల్ల మీద పెట్టాడు. ఇనప దవడలది, కాలు పట్టేది. నలుచదరపు చట్రం, తల దూరిస్తే మెడ విరిచేది. దాన్ని చూడగానే వెస్టర్ రెండడుగులు వెనక్కి వేశాడు. తోటి కుక్కల మనిషి ఒకడు తన కుక్కను అలాంటి చట్రంలోంచి తీసుకుని, కోటులో చుట్టి, ఇంటిదాకా మోసుకెళ్లడం అతను చూశాడు.

"దాన్ని తీసెయ్."

"నేలమీద పెట్టొద్దనే చెబుతాను ఎవరికైనా."

"తీసెయ్యమన్నానా?"

చివరికి వెస్టర్ కమ్మీల బోను ఎంచుకున్నాడు. లోపలికెళితే తలుపు పడుతుంది, ఎవరికీ దెబ్బ తగలదు. డాయిల్ గడ్డం గోక్కుంటూ, "ఎర ఏం పెడతావ్?" అన్నాడు.

"రకూన్ ఏం తింటుందో నాకు చెప్పొచ్చావా? నువ్వు దుప్పటి ముసుగేసుకుని వేటాడే రోజుల్లో నేను..."

"సరే సరే, బాబూ. నీ ఇష్టం."

ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగి ఉంటే పోయేది. కానీ కుక్కల మనిషికి రకూన్ గురించి ఉచ్చులవాడు పాఠం చెప్పడమా? రకూన్లు దొంగిలిస్తున్నది టాన్సీ తిండి, కాబట్టి దానికి మించిన ఎర లేదని తేల్చుకుని, వెస్టర్ రసంలో నానిన తిండి గుప్పెడు బోను చివర పెట్టాడు.

పొద్దున్నే చూస్తే బోనులో టాన్సీ ఉంది. సగం మాత్రమే. తలా భుజాలూ లోపల, నడుం మీద తలుపు, వెనక కాళ్లు మంచులో. అది అరవలేదు, గింజుకోలేదు. యజమాని పెట్టిన బోను కాబట్టి ఇది కూడా పనిలో భాగమే అనుకున్నట్టు రాత్రంతా అలాగే నిలబడింది. పక్కనే వరండా మీద గిన్నె తళతళలాడుతోంది, రకూన్లు కడిగి పెట్టినంత శుభ్రంగా.

వెస్టర్ తలుపు ఎత్తుదామని వంగబోయాడు. మోకాళ్లు సగంలో ఆగిపోయాయి. స్తంభం పట్టుకుని, "నడీన్" అని పిలిచాడు. ఆమె నైటీ మీదే వచ్చి, నేలమీద కూర్చుని, తలుపు ఎత్తింది. టాన్సీ వెనక్కి నడిచి వచ్చి, వెస్టర్ చెప్పు వాసన చూసి, అతని పాదం మీదే కూలబడింది.

"ఏమయ్యా, ఈ వయసులో మనకీ గోల అవసరమా?" అంది నడీన్.

"మరి దాన్ని వాటికి వదిలెయ్యనా?"

కుక్క నడుం మీద తలుపు నొక్కిన గీతను నడీన్ బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయింది.

రెండోసారి దుకాణానికి వెళ్లినప్పుడు డాయిల్ నవ్వబోయి, వెస్టర్ మొహం చూసి ఆపుకున్నాడు. కుర్చీ లాగి వేశాడు. వెస్టర్ జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"కుక్క ఉన్న ఇంట్లో ఇదిరా పెట్టాల్సింది" అని డాయిల్ జానెడు ఇనప గొట్టాలు రెండు తెచ్చాడు. నేలలో గుచ్చుకునే మేకు కింద, సన్నటి మూతి పైన. రకూన్ చెయ్యి పెట్టి అడుగున ఉన్న ఎర తీసుకోబోతే, లోపలి మీట తగిలి చెయ్యి పట్టుకుంటుంది. కుక్క పంజా అందులో దూరదు. "రకూన్ ఒక్కదానికే దొంగ చెయ్యి ఇచ్చాడు దేవుడు. దానికీ, నా బావమరిదికీ."

"ఈ రెండు గొట్టాలూ ఒకటేగా?"

"కాదు. ఇది లోపలి మీటను లాగితేనే పడుద్ది. ఇంకోటి లాగినా పడుద్ది, నెట్టినా పడుద్ది. కొత్తోడివి కదా, రెండోదే తీసుకో. ఎక్కువ పడతాయ్."

వెస్టర్ గొట్టం మూతిలోకి చాలాసేపు చూశాడు. "నాలుక పెడితే?"

"ఆఁ?"

"కుక్క చెయ్యి పెట్టదు. నాకుద్ది. నాలుకతో మీటను నెడితే?"

డాయిల్ రెండో గొట్టాన్ని మెల్లగా తన వైపు జరుపుకున్నాడు. "ఒకసారి పడింది. ఎవరి కుక్కో అడక్కు."

"లాగేదే ఇవ్వు."

"చాలా రాత్రులు ఊరికే పోతాయిరా."

"పోనీ."

ఇంటికొచ్చి వంటింటి బల్ల మీద, డాయిల్ ఇచ్చిన పొడవాటి పిడితో ఉచ్చు బిగించి, వెస్టర్ అందులోకి తన వేలే పెట్టాడు. మీటను నెట్టాడు. ఏమీ కాలేదు. అటూ ఇటూ కదిపాడు, నాలుకలాగా నాకినట్టు తడిమాడు. ఏమీ కాలేదు. అప్పుడు లాగాడు. వేలు వంకాయలా వాచింది.

పక్క గదిలోంచి నడీన్, "ఏమయ్యా, పడిందా?" అంది.

"పడింది."

ఈసారి ఎర సంగతి డాయిల్‌ను అడిగే వచ్చాడు. తెల్లటి మెత్తటి మార్ష్‌మాలో మిఠాయి. టాన్సీ ముక్కు దగ్గర పెడితే తుమ్మి, మొహం తిప్పేసుకుంది. రకూన్లు వచ్చే మూల, వరండాను ఆనుకున్న మేపుల్ చెట్టు పక్కన గొట్టం గుచ్చి, నడీన్ మేకును సుత్తితో దిగ్గొట్టింది.

డాయిల్ చెప్పినట్టే రాత్రులు ఊరికే పోయాయి. గిన్నె ఖాళీ అవుతూనే ఉంది, టాన్సీ పక్కటెముకలు బయటపడుతూనే ఉన్నాయి. పొద్దున్నే ఉచ్చు చూడ్డానికి ఆ నాలుగు మెట్లు దిగాలంటేనే వెస్టర్‌కు ప్రాణం ఉసూరుమనేది. రెండోరకం తెచ్చుకుంటే పోలా అని ఒకటి రెండుసార్లు ట్రక్కు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు కూడా. మళ్లీ గోడ మేకుకు తగిలించాడు.

ఒక ఉదయం మంచంలో ఉండగానే ఆ గొంతు వినిపించింది. బొంగురుపోయింది, మధ్యలో తెగుతోంది, అయినా అదే గొంతు. రకూన్ చెట్టెక్కిందని యజమానికి చెప్పే మొరుగుడు. ఏ లోయలో ఏ ఆవు చేపిందో తెలియదు గానీ, వెస్టర్ మాత్రం చెప్పులు మరచిపోయి బయటికొచ్చాడు.

తల్లి రకూన్ గొట్టంలో చెయ్యి ఇరికించుకుని నేలమీద కూర్చుని ఉంది. దానికి బారెడు దూరంలో టాన్సీ, ముందు కాళ్లు మేపుల్ మాను మీద వేసి, తల పైకెత్తి, ఖాళీ కొమ్మల్లోకి మొరుగుతోంది. దాని బతుకులో రకూన్ ఎప్పుడూ పైనే ఉంది. ఇప్పుడు మాత్రం ఇంకెక్కడుంటుంది?

"అదిగో కిందే ఉందే, పిచ్చిముండా!" అని నడీన్ అరిచింది.

"ఊరుకో. చెట్టు మీదుందంటోంది కదా, ఉంది."

అతను చిన్న తుపాకీ తెచ్చి రకూన్‌ను ఒక్క గుండుతో ముగించాడు. టాన్సీ పైకే చూస్తోంది. చెట్టు మీంచి రాలిన రకూన్ ముందు కుక్క నోటికి అందాలి. అది దాని కూలి. ఎగ్గొట్టినవాడికి ఆ కొండల్లో ఇంకో కుక్కను అడగడానికి మొహం ఉండదు. వెస్టర్ గొట్టం విప్పి, రకూన్‌ను తోక పట్టుకుని, ఒక్కో మెట్టుకూ ఆగుతూ వరండా ఎక్కాడు. కటకటాల మీంచి వంగి, మాను పక్కనే దాన్ని జారవిడిచాడు. ధబ్బుమంది.

టాన్సీ దూకింది. పళ్లు లేని నోటితోనే మెడ పట్టుకుని విదిలించబోయింది. కదిలింది రకూన్ కాదు, తనే. అయినా వదల్లేదు.

"అదీ నా తల్లి! భేష్‌రా టాన్సీ!" అని వెస్టర్ కటకటాల మీంచే అరిచాడు.

కాసేపటికి అది వరండా ఎక్కి, గిన్నెలోని తిండి ఆగకుండా సగం దాకా తిని, అక్కడే పడి నిద్రపోయింది. వెస్టర్ పై మెట్టు మీద కూలబడ్డాడు. పాదాలు మంచుకు ఎర్రబడ్డాయి.

నడీన్ కాఫీ తెచ్చి పక్కన పెట్టింది. "ఇంకా మూడున్నాయిగా, వెస్టర్."

"తెలుసు" అన్నాడు అతను, ఉచ్చు బిగించే పొడవాటి పిడి కోసం వెనక్కి చెయ్యి చాస్తూ. "అది అందుకుని ఇలా ఇవ్వు. లేవలేను."