వేడి కూర మీద మూత

ఇవాళ పొద్దున ఫ్రిజ్ తెరిచి, రాత్రి మిగిలిన దొండకాయ వేపుడు డబ్బా మూత తీయగానే, చల్లబడిన నూనెలో ఊరిన వెల్లుల్లి కారం వాసన నన్ను మెట్టుగూడ వరసిళ్ళలోని మా పాత వంటింట్లోకి తీసుకుపోయింది.

నాన్న ఉద్యోగం కోసం కాకినాడ నుంచి సికింద్రాబాద్ వచ్చిన కొత్తలో మాకు ఫ్రిజ్ లేదు. అయినా అమ్మ చేతిలో మిగిలిన కూర పాడయ్యేది కాదు. భోజనాలు కాగానే కూరని వెడల్పు గిన్నెలోకి మార్చి, ఆవిరంతా పోయేదాకా పైన జల్లెడ బోర్లించి, చల్లారాక మూతపెట్టి, కిటికీ కింద నీళ్ళు పోసిన పళ్ళెంలో నిలబెట్టి, తడిబట్ట కప్పేది. వేపుడు మర్నాటిదాకా ఆగుతుందని, కొబ్బరి వేసిన కూర పొద్దుగూకేలోగా తినెయ్యాలని, తడి గరిటె ఏ గిన్నెలోనూ దిగకూడదని ఆవిడ పట్టింపులు ఆవిడవి. చలికాలం పొద్దున్నే, నిన్నటి చిక్కుడుకాయ కూరని మూకుట్లో అంచులు మాడీ మాడకుండా వెచ్చచేసి దిబ్బరొట్టె పక్కన పెడితే, వండిన రోజుకన్నా అదే రుచిగా ఉండేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఒక మే నెల మధ్యాహ్నం అమ్మ తలనొప్పితో పడుకుంటూ, "కూర వెడల్పు గిన్నెలోకి తీసి ఆరబెట్టవే, మూత పెట్టకేం" అంది. బయట తొక్కుడుబిళ్ళ ఆట మొదలైపోయింది. పొగలు కక్కుతున్న బీరకాయ కూర మీద అలాగే మూత బిగించి పరుగెత్తాను.

సాయంత్రం, ఉత్తరం ముక్కయినా రాయకుండా, మా మేనత్త రైలు దిగి వచ్చింది. నాన్నకి అక్కగారైన ఆవిడంటే ఇంటిల్లిపాదికీ హడలు. ఇంట్లో కిరసనాయిలు అన్నం వండడానికి మాత్రమే సరిపోయేలా ఉంది. కూర ఉందిలే అన్న ధీమాతో అమ్మ మూత తీసింది. పుల్లటి వాసన గుప్పుమంది.

"వేడి కూరకి మూత పెడతారా ఎవరైనా? ఇదేనా నీ సంసారం?" అంది మేనత్త.

అమ్మ నావైపు ఒక్కసారి చూసి, "నేనే వదినగారూ, తలనొప్పిలో చూసుకోకుండా పెట్టేశానండి" అంది.

అన్నం ఉడికేదాకా మేనత్త తిడుతూనే ఉంది. నేను తలుపు వెనక్కి జరిగి అక్కడే నిలబడ్డాను.

పెరట్లో కూర పారబోస్తున్న అమ్మని చూసి పక్కింటి యాదమ్మ, "ఏందక్కా, గంత కూర పారబోస్తున్నవ్? జెర ఆగు, మా ఇంట్ల పచ్చిపులుసు ఉన్నది, తెస్త" అంటూ గోడ మీదుగా గిన్నె అందించింది. ఆ పూట గడిచింది. అమ్మ ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. మర్నాడు మధ్యాహ్నం మాత్రం, మిగిలిన కూర మళ్ళీ నా చేతికే ఇచ్చింది.

ఇప్పుడు ఆ వరసిళ్ళు లేవు, గోడల మీదుగా గిన్నెలు చేతులు మారడం లేదు, అమ్మా లేదు. పోయిన నెల పద్మారావు నగర్ వెళ్ళి, తొంభై దగ్గరపడ్డ మేనత్తకి ఇన్నేళ్ళ తరవాత నిజం చెప్పాను. ఆవిడ బోసినోటితో నవ్వింది.

"నాకప్పుడే తెలుసే. మీ అమ్మ జన్మలో వేడి కూరకి మూత పెట్టి ఎరగదు."

"మరి అంతసేపు ఎందుకు తిట్టారత్తయ్యా?"

"నువ్వు నోరు విప్పుతావేమోనని చూశానే."