గడ వదిలి తాడు పట్టాను

నాకు ముక్కు మీద కోపం. ఒంటి మీద తొంభై నాలుగు కిలోలు. ఈ రెండిటిలో ఏది లేకపోయినా నేను కోలాటంలో చేరేదాన్ని కాదు.

రోజంతా ఆఫీసులో కుర్చీకి అతుక్కుపోయే ఉద్యోగం నాది. షుగర్ అంచుల దాకా వచ్చిందని దవాఖానాలో డాక్టరమ్మ చెప్పి, రోజూ పొద్దున్నే నడవమంది. మేముండే ఖానాపురం హవేలిలో మా వీధిలోనే నాలుగు రోజులు నడిచాను. వాకిట్లో ముగ్గులు వేసుకునే వాళ్లంతా "మంచిగ నడుస్తున్నవ్ అక్కా, తగ్గుతవ్ తియ్" అని ధైర్యం చెప్పారు. పరీక్ష తప్పినదాన్ని ఓదార్చినట్టుంది నాకు. ఐదో రోజు మానేశాను. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే మా కాలనీ ఖాళీ ప్లాటులో ఆడవాళ్లు కోలాటం నేర్చుకుంటున్నారు. కట్టుకున్న చీరతోనే వెళ్లి వరసలో నిలబడ్డాను.

మొదటి వారం మోకాళ్లు ఏడ్చాయి కానీ నేను ఏడవలేదు. కర్రకు కర్ర తగిలి తాళం కుదిరినప్పుడల్లా చిన్నపిల్లలా నవ్వొచ్చేది. నేను గంతు వేస్తే నాకున్నదంతా నాతోపాటు గంతు వేసేది, ఒక్క క్షణం ఆలస్యంగా. చూసేవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వుకోనీ, నాకు మాత్రం చాలా ఏళ్ల తర్వాత ఒళ్లు నాదే అనిపించింది.

నేర్పే మాస్టారు ఎర్రుపాలెం వైపు నుంచి బస్సులో వచ్చేవారు. అరవై దాటిన మనిషి, మాట మెత్తన, పట్టు గట్టి. కొన్నాళ్లకు జడ కోలాటం మొదలుపెట్టారు. మధ్యలో పొడవాటి వెదురు గడ, దాని కొస నుంచి పన్నెండు రంగుల తాళ్లు. పన్నెండు మంది తలా ఒక తాడు పట్టుకుని, ఆరుగురు ఇటు, ఆరుగురు అటు తిరుగుతూ, ఎదురొచ్చినవాళ్లను ఒకసారి లోపలి నుంచి, ఒకసారి బయటి నుంచి దాటాలి. పైన తాళ్లు జడలా అల్లుకుంటూ దిగుతాయి. తర్వాత అవే అడుగులు వెనక్కి వేస్తూ జడ విప్పాలి. ఒక్కరు తప్పినా చిక్కు పడి అందరూ ఆగిపోవాల్సిందే.

సిమెంటు స్టేజీల మీద గడ పాతడం కుదరదు కాబట్టి ఎవరో ఒకరు పట్టుకుని నిలబడాలి. మాస్టారు పన్నెండు మందిని ఎంచి, నావైపు తిరిగారు. "నువ్వు గడ పట్టుకోమ్మా. నువ్వు పట్టుకుంటే గాలివానొచ్చినా కదలదు" అన్నారు. మెచ్చుకుంటున్నట్టే అన్నారు. అందరితోపాటు నేనూ నవ్వాను. ఇంటికెళ్లాక ఒళ్లు మండింది.

మర్నాడే అడిగాను. "మాస్టారూ, నాకు గూడ ఒక తాడియ్యున్రి."

"ఇద్దరు ఎదురుపడితే మధ్యలో సందెంత ఉంటదమ్మా? నువ్వు పట్టవు. నువ్వు తగిలితే జడంతా పోయిద్ది" అన్నారాయన.

ఆ రోజు నుంచి నాకు ఒకటే పట్టుదల. ఆ సందులోంచి నేను దూరాలి.

మేం కిరాయికి ఉండే ఇంటి డాబా మీద నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, రెండు స్టూళ్లు, బకెట్లు, నీళ్ల క్యాన్లు గుండ్రంగా పేర్చి, చేతిలో పాత చున్నీ పట్టుకుని వాటి మధ్య తిరగడం మొదలుపెట్టాను. మొదట్లో సగం కింద పడేవి. కింద ఉండే ఇంటాయన మెట్లెక్కి వచ్చాడు. "ఏందమ్మా ఆ సప్పుడు? ఇల్లు కూలగొడుతున్నవా ఏంది?"

"లేదన్నా, జడ అల్లుతున్న" అన్నాను. ఆయన పడిపోయిన బకెట్ ఒకటి నిలబెట్టి దిగిపోయాడు.

ఎన్నిసార్లో కుర్చీలు పడ్డాక తెలిసింది, తప్పు నా పొట్టది కాదని. సందు చూసి జంకి, అడుగు ఆలస్యంగా వేస్తున్నాను. తాళం మీద వేస్తే ఏదీ తగలదు. అలా నెలల తరబడి తిరిగాను. అన్నం మానలేదు, రెండోసారి వడ్డించుకోవడం మానాను. కాటా ఎనభై మూడు చూపించింది. బొగ్గుగనుల ఊరి నుంచి వచ్చిన మా ఆడపడుచు నన్ను చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఏంది వదినె, గిట్ల చిక్కినవ్? షుగర్ గిన వచ్చిందా?"

"షుగర్ కాదు, కోపమొచ్చింది" అన్నాను.

ఇంతలో భద్రాచలంలో గుడి దగ్గర ఆడమని మా జట్టుకు పిలుపు వచ్చింది. పది రోజులుందనగా ప్రాక్టీసులో జడ చిక్కు పడింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పాట జోరుగా ఉందని ఒకరు, తాడు పొట్టిదని ఒకరు. గడ పట్టుకుని నిలబడ్డ నేను తలెత్తి చూసి చెప్పాను. "ఆకుపచ్చ తాడు వరసగ రెండుసార్లు లోపల్నుంచే పోయింది. అందరు నాలుగడుగులు ఎనక్కి ఆడున్రి."

ఆడారు. చిక్కు విడిపోయింది. వాళ్లలో ఎవరికి వాళ్ల దారి ఒక్కటే తెలుసు. అన్నాళ్లూ మధ్యలో నిలబడి చూసిన నాకు పన్నెండు దారులూ వచ్చు.

తాడో పేడో ఆ రోజే తేల్చుకోవాలనిపించింది. గడ వదిలేశాను. అది పక్కకు వాలుతుంటే మాస్టారు పరుగున వచ్చి పట్టుకున్నారు. "ఒక్కసారి నాకియ్యున్రి. ఎవరికన్న తగిలితే మళ్ల అడగ" అన్నాను. ఆకుపచ్చ తాడు పట్టుకున్నామె "ఇగో అక్కా, నాకీ ఎనక అడుగులు వస్తలేవు" అంటూ తనే నా చేతిలో పెట్టింది.

జడ అల్లాం, విప్పాం. ఒకామెకు నా కొంగు తగిలింది, అంతే. గడ పట్టుకునే ఉన్న మాస్టారు "సందు సంగతి నేను తప్పుగా అన్నానమ్మా. తాడు నీదే, గడ నాది" అన్నారు.

భద్రాచలంలో స్టేజీ ఎక్కి ఆకుపచ్చ తాడు గట్టిగా పట్టుకున్నాను. ఊపిరి అందక నేను ఆగిపోతే మిగతా పదకొండు మందీ ఆగిపోతారు. జనంలోంచి ఒక గొంతు వినబడింది. "అగో, ఆ లావామెను చూడు, ఎట్ల ఎగురుతుందో!" వెక్కిరించిందో మెచ్చుకుందో తెలియదు. మెచ్చుకుందనే తీసుకున్నాను. జడ కిందికి దిగింది. విప్పేటప్పుడు పాట జోరు పెరిగింది, నా అడుగు పెరిగింది. చివరికి పన్నెండు తాళ్లూ విడివిడిగా నిలిచాయి. జాకెట్టు చెమటతో తడిసి ముద్దయింది. గర్వంతో ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కిందికి దిగాక ఫొటో కోసం నిలబెట్టారు. ఫొటోగ్రాఫరు నన్ను చూసి చెయ్యి ఊపాడు. "మేడం, మీరు జర ఎనక్కి పోన్రి. ముంగట సన్నగున్నోళ్లుంటే అందరు పడతరు."

పెళ్లిళ్లలో, ఆఫీసులో, ఏ ఫొటోలో చూసినా నేను వెనక వరసలో ముఖం మాత్రమే. ఆ మాట వినగానే కాళ్లు అలవాటుగా కదలబోయాయి. ఆపాను.

"నేను జరగ తమ్మీ. నువ్వే రెండడుగులు ఎనక్కి జరుగు, అందరం పడతం."

అతను వెనక్కి చూసుకుని, జరిగాడు.